తువ్వాల పట్టుకున్నోడు

మా అవ్వ పదకొండేండ్ల సంది ఆకాశం చూడలేదు.
చూసిందంతా మట్టి, తన కాలివేళ్లు,
పొయ్యిల నిప్పు, చాటల బియ్యం.
ఇంటికొచ్చినోళ్ల మొకాలు చూడదు, చెప్పులు చూస్తది.
చెప్పుల్ని బట్టే పేరు పెట్టి పిలుస్తది.
మర్రిగూడ దిక్కు మా ఊర్లో
నీళ్లు బొక్కల్లోకి దిగి
అక్కడే కాపురం పెడతయి.

ఏసేబు అయ్యగారి సంచిల
అట్టలూడిన పుస్తకం ఒకటుంది.
మొదటి కాలపు విశ్వాసులు ఎట్ల మునిగేదో
అందులో రాసుందట.
మూడేండ్లు వినేటోళ్లుగానే ఉండాలె.
రొట్టె విరిచే యాళ్లకు వాళ్లను బయటికి పంపి
తలుపేసేటోళ్లు.

నేను ఆరేండ్ల సంది వినేటోణ్ణి.
నా కులం కాయితం బీరువాల ఉంది.
మునిగితే అది తడుస్తదని భయం.
అయ్యగారు అడగడు.
తువ్వాలలు మాత్రం నా చేతికే ఇస్తడు.

పునరుత్థాన పండుగ నాడు, కోడి కూయకముందు,
ట్రాలీల వరిగడ్డి పరిచి
అవ్వను పక్కకు ఒరిగించి
డిండి ఒడ్డుకు తెచ్చినం.

ముందు పడమరకు నిలబెట్టిండు.
"అది చీకటి పోయే దిక్కు, సాలమ్మా.
చెయ్యి చాపు.
సాతానును విడిచిపెట్టినట్టు చెప్పు."
అవ్వ చెయ్యి భుజం దాక లేవదు.
మోచేతి కాడనే కొంచెం విప్పి
నేలను చూసుకుంటనే అన్నది:
"ఓ బోరింగూ, నిన్ను ఇడిసిపెట్టిన."

ఎనక ఎవరో కిసుక్కుమన్నరు.
అయ్యగారు పుస్తకం చూసిండు, నీళ్లను చూసిండు.
"సరే. ఇంకేమన్న ఉన్నదా?"
"ఏమున్నది అయ్యా.
కడమయన్నీ నాకంటె ముందే నన్ను ఇడిసినయి."

తూర్పుకు తిప్పినం.
బుచ్చమ్మక్క నువ్వుల నూనె తెచ్చి
నుదుటికి, చెవులకు,
చీరె చాటుకు తీస్కపోయి వెన్నుపూసలకు
ఒక్కొక్కదానికి రాసింది,
తుప్పు పట్టిన గొళ్లేనికి రాసినట్టు.

మెడ వంచి ముంచాలని పుస్తకంల ఉందట.
వంగిన మెడను ఇంకేం వంచుతరు?
అయ్యగారు పుస్తకం మూసి నాకిచ్చి
నడుము లోతుకు దిగి
అవ్వను ఎల్లెలకల పండబెట్టిండు
నీళ్ల మీద.
మోకాళ్లు రెండు పైకి తేలినయి.
"కండ్లు మూసుకో సాలమ్మా."
"మూయ."

ఒక్కసారి తండ్రి పేరు మీద.
కండ్లు తెరిచే ఉన్నయి.
రెండోసారి కొడుకు పేరు మీద.
నీళ్ల కింద కూడ తెరిచే ఉన్నయి, నేను చూసిన.
మూడోసారి లేపబోతే
"ఆగు" అన్నది.
సంఘమంతా ఆగింది.
పాట ఎత్తుకోబోయిన దానయ్య
నోరు తెరిచి అట్లనే నిలబడ్డడు.
ఎంత సేపో తెల్వదు.
నా చేతుల తువ్వాల మీద మంచు పడుతున్నది.

సాలమ్మ సలోమి అయ్యింది.
దీర్ఘం ఒక్క అక్షరం పక్కకు జరిగింది, అంతే.

నాయిన పోయిన్నాడు
మేనత్త తెల్లచీర తెస్తే
గోడకేసి కొట్టింది.
ఇయ్యాల తెల్లచీర ఇస్తే
వాసన చూసి కట్టుకున్నది.

చెంచోళ్లు బీరు సీసల అమ్మిన తేనె
పాలల్ల కలిపి ఇచ్చిండ్రు.
గిలాస అందుకొని అడిగింది:
"ఇది ఏ ఊరి నీళ్లతోని కడిగింది?"
డిండి నీళ్లే అన్నంక తాగింది.
గోధుమ చారల పండ్ల మీద
తేనె ఒక చుక్క నిలిచింది.

రొట్టె పాత్ర బయటికి తీసిండ్రు.
నేను అడగకముందే లేచి
ట్రాలీ కాడికి పోయిన.
అక్కడ తలుపు లేదు,
అయినా నా ఎనక ఏదో మూసుకున్న సప్పుడు.

తిరుగు దారిల అవ్వ మళ్లా వంగే ఉంది.
గడ్డిని చూసుకుంట చాన సేపు పలుకలేదు.
కొండమల్లేపల్లి దాటినంక
నా చెప్పుల్ని చూసి పిలిచింది:

"గాలయ్యా, పైన ఒక కొంగ బోయింది.
ఒక్కతే. ఉత్తరం దిక్కు.
చూసినవా?"

చూడలేదే అవ్వా.
నేను నిన్నే చూస్తున్న.